ముంపు భయంతో మూసిన గది: ఒక కర్రీ పాయింట్ గ్యాస్ కేసు

ఈ కేసులో ఇంటివాళ్ళ పేర్లు, వీధి, షాపు బోర్డు మీది పేరు ఏవీ రాయడం లేదు. విజయవాడలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు ముంచిన పేటల్లో ఒకటి అని మాత్రం చెప్పక తప్పదు. అది దాస్తే మిగతాది అర్థం కాదు.

నేను గ్యాస్ లైన్లు వేసి, చెక్ చేసి బతికే మనిషిని. మొదట ఏజెన్సీలో మెకానిక్‌గా చేశాను, తర్వాత హోటళ్ళకీ హాస్టళ్ళకీ సొంతంగా పని చేస్తున్నాను. మామూలుగా చేసిన పనుల గురించి రాసుకోను. ఇది రాయడానికి కారణం, ఇందులో నేను రెండుసార్లు తప్పు చోట వెతికాను.

ఇల్లు, వ్యాపారం

కింద కర్రీ పాయింట్, దాని వెనక వంటగది. పైన కుటుంబం: పెద్దాయన, భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఎనభై దాటిన మామ్మగారు. పదకొండయ్యేసరికి పప్పు, సాంబారు, రెండు వేపుళ్ళు, మూడు కూరలు కవర్లలోకి ఎక్కాలి. రాత్రి పదిన్నరకి షట్టర్ దించుతారు. కార్తీకంలో అయితే దీనికి తోడు వనసమారాధనల ఆర్డర్లు. నన్ను పిలిచింది కూడా ఆ నెలలోనే, వరద వచ్చిన మరుసటి ఏడాది.

వరదకు ముందు సిలిండర్లు పెరట్లో గోడవారగా ఆరుబయట ఉండేవి. ఆ రోజు గుండెల లోతు నీళ్ళు వచ్చాయి. నాలుగు సిలిండర్లు తేలిపోయాయి. వాటిలో ఒకటి నీళ్ళు తీశాక రెండు వీధుల అవతల ఎవరిదో ప్రహరీ లోపల దొరికింది, సీలు కూడా ఊడలేదట. చాలామంది ఖాళీ సిలిండరే తేలుతుందనుకుంటారు. నిండుది కూడా తేలుతుంది. ఇంట్లో వాడే ఎర్ర సిలిండర్ సంగతే చూడండి. ఇనుము పదిహేను కిలోల పైచిలుకు, గ్యాస్ 14.2 కిలోలు, అంతా కలిపి ముప్పై కిలోల దగ్గర. దాని లోపలి ఖాళీయే 33 లీటర్ల పైన. అంటే మునిగితే అది పక్కకి నెట్టే నీరు దాని బరువుకన్నా ఎక్కువ. కాబట్టి గొలుసు లేని సిలిండర్ వరదలో పడవే.

నీళ్ళు తీశాక పెద్దాయన మెట్ల కింద ఒక గది కట్టించాడు. రెండడుగుల అరుగు, మూడు వైపులా ఇటుక గోడ, ముందు ఇనప షట్టర్, దానికి తాళం. "మళ్ళీ నీళ్ళొచ్చినా కొట్టుకుపోవు, దొంగ వచ్చినా ఎత్తుకుపోడు" అన్నాడు నాతో. తెలివితక్కువ పనేమీ కాదు. ఆయన చూసిన ప్రమాదం నీళ్ళది, ఆ ప్రమాదానికి కట్టాల్సిన గదే కట్టాడు.

వచ్చిన ఫిర్యాదు

తెల్లవారుజామున గ్యాస్ వాసన. రోజూ కాదు, వారానికి రెండు మూడు రోజులు. పగలు ఎవరికీ రాదు. మొదట కనిపెట్టింది మామ్మగారు. ఆవిడ నాలుగున్నరకి లేచి కిందికి వచ్చి, నీళ్ళ మోటారు స్విచ్ వేసి, తులసికోట దగ్గర దీపం పెడతారు. కోడలు మొదట నమ్మలేదు, మామ్మకి పెద్దతనంలో భ్రమ అనుకుంది. తర్వాత ఒకరోజు తనకే వచ్చింది.

నన్ను పిలవకముందే వాళ్ళు కొన్ని చేశారు. ఏజెన్సీ మెకానిక్ వచ్చి పై వంటింట్లో పొయ్యి, రెగ్యులేటర్ చూసి బాగానే ఉన్నాయన్నాడు. రబ్బరు ట్యూబు మార్చారు. మనవడు ఆన్‌లైన్‌లో చూసి మెట్ల కింది గదికి పైన ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాడు. ఇందులో రెండు తప్పులున్నాయి. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాస్. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైన గ్యాస్ నేల మీద నీళ్ళలా పారుతుంది, పైకప్పు దగ్గరి ఫ్యాన్‌కి అది అందదు. పైగా మామూలు ఫ్యాన్ మోటారులో నిప్పురవ్వ పుట్టగలదు.

మొదటిసారి

పగలు పదకొండింటికి వెళ్ళాను. నా మొదటి తప్పు అదే. వాసన నాలుగున్నరకి వస్తుందని చెబుతుంటే, నాకు వీలైన టైముకి వెళ్ళాను.

గదిలో నీలం కమర్షియల్ సిలిండర్లు ఎనిమిది. నాలుగు లైనుకి బిగించి, నాలుగు స్టాండ్‌బై. పక్కన మూడు ఎర్రవి, చుట్టాల ఇళ్ళ నుంచి తెచ్చినవి. సబ్బు నీళ్ళు పూసుకుంటూ వచ్చాను. మూడో సిలిండర్ అడాప్టర్ (సిలిండర్ నోటికి బిగించి లైనుకి కలిపే ముక్క) దగ్గర చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్ళీ లేచింది. వాల్వ్ లోపలి వాషర్ అరిగిపోయి ఉంది. మార్చాను. బుడగ ఆగింది. దొరికిందనుకుని డబ్బు తీసుకుని వచ్చేశాను.

తొమ్మిది రోజుల తర్వాత కొడుకు ఫోన్ చేశాడు, మళ్ళీ వాసన అని.

తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. నేను మార్చిన వాషర్ సిలిండర్‌ది. ఆ సిలిండర్ నాలుగు రోజుల్లో ఖాళీ అయి వెళ్ళిపోయింది. దాని బదులు వచ్చినది తన వాషర్ తాను తెచ్చుకుంటుంది. ఎనిమిది సిలిండర్లు తిరిగే చోట, ఏదో ఒక రోజు ఏదో ఒక దానికి అరిగిన వాషర్ తప్పకుండా వస్తుంది. అంటే ఒక లీకు ఆపితే సరిపోదు. లీకైనా గ్యాస్ పోగుపడని చోట సిలిండర్లు ఉండాలి. నా వృత్తిలో ఇది మొదటి పాఠమే. ఆ బుడగ కనిపించిన సంతోషంలో మర్చిపోయాను.

రెండోసారి, అదీ ఫోన్లో

వనభోజనాల సీజన్, నాకూ ఊపిరాడని పని. ఫోన్లోనే చెప్పాను: గది గోడకి నేల మట్టంలో రెండు కంతలు పెట్టించండి, ఒక గ్యాస్ డిటెక్టర్ బిగించండి. రెండూ చేశారు. ఫొటోలు కూడా పంపారు. కంతలు చూశాను, బాగున్నాయన్నాను. డిటెక్టర్ ఫొటోలో పచ్చ లైటు వెలుగుతోంది, అదీ బాగుందన్నాను.

కంతలు ఎటు తెరుచుకున్నాయో అడగలేదు. డిటెక్టర్ ఎంత ఎత్తులో ఉందో అడగలేదు.

నాలుగింటికి

మూడోసారి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళాను. ముందురోజే చెప్పాను, నేను వచ్చేదాకా ఎవరూ కిందికి రావద్దని, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దని. చలి, గాలి కదలడం లేదు. కొడుకు వీధి గేటు తీశాడు. అక్కడే వాసన తగిలింది. ఎల్పీజీకి సొంతంగా పెద్ద వాసన ఉండదు, మనకి తెలియడానికి మెర్కాప్టన్ కలుపుతారు. పేలే మోతాదులో ఐదోవంతుకి చేరేలోపే ముక్కుకి తెలియాలని లెక్క.

నా దగ్గర గ్యాస్ కొలిచే మీటరు ఉంది. గాలిలో సుమారు రెండు శాతం గ్యాస్ చేరితే అంటుకుంటుంది. ఆ గీతని నూరుగా తీసుకుని మీటరు చూపిస్తుంది. నడుము దగ్గర పట్టుకుంటే సున్నా. మోకాలి దగ్గర నాలుగు. కొత్తగా పెట్టిన కంత ముందు నేలకి దించితే ఇరవై రెండు. కంతలు పెట్టింది మెట్ల పక్క నడవలోకి, ఎందుకంటే రెండోవైపు పక్కింటివాళ్ళ గోడ. ఆ నడవ చివర రెండడుగుల లోతు గుంటలో నీళ్ళ మోటారు. మీటరుని తాడుకి కట్టి గుంటలోకి దించాను. నలభై దాటింది.

గుంట పైన, చేతికి అందే ఎత్తులో, మోటారు స్విచ్. వాడి వాడి దాని చుట్టూ నల్లగా మసి. అక్కడి నుంచి ఆరడుగుల్లో తులసికోట, నిన్నటి ఒత్తి ఇంకా ప్రమిదలో ఉంది. గదిలోపల పైకప్పుకి, బల్బు పక్కన, డిటెక్టర్ పచ్చ లైటుతో హాయిగా నిద్రపోతోంది. ఎలక్ట్రీషియన్ దాన్ని పొగ డిటెక్టర్ అనుకున్నాడు.

పిల్లలతో సహా అందరినీ వీధిలోకి పంపించాను. దగ్గరి స్విచ్‌లు ఆపలేదు. ఆపినా వేసినా రవ్వ ఒకటే. కరెంటు మీటరు బోర్డు వీధి వైపు, గోడకి బయట ఉంది, అక్కడ మెయిన్ దించాను. షట్టర్ ఇనుము మీద ఇనుము, ఆ గాడుల్లో నీళ్ళు పోసి మెల్లగా ఎత్తాం. నాలుగు అడాప్టర్లూ ఆన్‌లోనే ఉన్నాయి. ఒక్కొక్కటే మూశాను. తడిపిన దుప్పటితో నడవలో గ్యాస్‌ని వీధి వైపు విసిరాం. గుంటలో సున్నా రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మీటరు లేనివాళ్ళు నేను చేసినట్టు చేయకండి. బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి, అది లీకుల కోసమే ఉన్న నంబరు.

మామ్మగారు వీధిలో కుర్చీ వేసుకుని కూర్చుని అడిగారు. "దీపం టైము దాటిపోతోంది నాయనా, ఇక్కడ గేటు దగ్గర పెట్టుకోవచ్చా?" ఒక్క అరగంట ఆగమన్నాను.

జరిగేది ఇదీ. రాత్రి కుర్రాళ్ళు పొయ్యి నాబ్‌లు కట్టి వెళ్ళిపోతారు. సిలిండర్ల దగ్గర కట్టరు. రాత్రంతా లైనులో ప్రెషర్ నిలబడే ఉంటుంది. ఏదో ఒక అరిగిన వాషర్ నుంచి సన్నగా పోతుంది. గది నేల ముప్పై చదరపు అడుగులు. కింది ఒక్క అడుగు ఎత్తు గాలి అంటుకునే స్థాయికి రావడానికి నలభై గ్రాముల లోపు గ్యాస్ చాలు. పంతొమ్మిది కిలోల సిలిండర్‌లో నలభై గ్రాములు పోతే ఎవరికి తెలుస్తుంది? ముందు అది గదిలోనే ఉండి, పగలు షట్టర్ ఎత్తగానే చెదిరిపోయేది. నేను చెప్పిన కంతల వల్ల ఇప్పుడు నేరుగా మోటారు గుంటలోకి పారుతోంది. అంటే నా సలహా ప్రమాదాన్ని స్విచ్ కిందికి తీసుకెళ్ళింది. ఈ మాట ఆ ఇంట్లో చెప్పాను కూడా.

లెక్కలు

తెల్లారాక టీ తాగుతూ కాగితం మీద వేశాం. నీలంవి ఎనిమిది, పంతొమ్మిది చొప్పున 152 కిలోలు. ఎర్రవి మూడు, 42.6. పైన వంటింట్లో డబుల్ సిలిండర్ కనెక్షన్, 28.4. మొత్తం 223 కిలోలు.

గ్యాస్ సిలిండర్ల నియమాలు-2016 ప్రకారం ఎల్పీజీ ఒకేసారి 100 కిలోలు దాటితే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి. అసలు లైసెన్సుకి వెళ్దామా అని పెద్దాయన అడిగాడు. ఈ స్థలంలో చుట్టూ వదలాల్సిన ఖాళీ రాదు, పక్కిల్లు చెయ్యి చాపితే అందుతుంది. అందుకని ఆ దారి వదిలేశాం. పైపు గ్యాస్ వాళ్ళ వీధికి ఇంకా రాలేదు. మిగిలింది తగ్గించుకోవడమే.

ఖాళీ సిలిండర్లని లెక్క నుంచి తీసేయమన్నాడు కొడుకు. నేను ఒప్పుకోలేదు. ఖాళీ అని పక్కన పెట్టిన వాటిలో కొంత గ్యాస్ ఉంటుంది, క్యాప్ పెట్టి ఉండరు, ఏది ఖాళీయో రాత్రిపూట కుర్రాడికి తెలియదు. పైగా ఆ ఇంట్లో చలికాలం సిలిండర్ మంచు పడితే వేడినీళ్ళ టబ్బులో పడుకోబెట్టి చివరి గ్యాస్ లాగే అలవాటు కూడా ఉంది. పడుకోబెడితే ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి వస్తుంది. అది వేరే కథ, ఆ టబ్బు మాత్రం ఆ రోజే బయట పడేయించాను.

ఎర్రవాటి దగ్గర బేరం పెట్టుకోలేదు. ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడటం 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఆర్డరు ప్రకారం నేరం, పౌర సరఫరాల వాళ్ళు వస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఎ కేసు. పెద్దాయన "చుట్టాలకి దీపం పథకంలో ఉచితంగా వస్తున్నాయి, వాళ్ళకి అన్ని అక్కర్లేదు" అన్నాడు. అవి వెనక్కి వెళితే తప్ప పని మొదలుపెట్టనన్నాను. సాయంత్రానికి వెళ్ళాయి.

ఇక నీలంవి ఎన్ని? ఐదయితే 95, వందలోపే. కానీ పైన ఇల్లు ఉంది. ఇంటి కనెక్షన్‌ని విడిగా లెక్కేయాలా, కలపాలా అని కొడుకు వాదన. నేను ఆ వాదనలోకి పోలేదు. గోడలు ఒకటే, మెట్లు ఒకటే, అంటుకుంటే మంట కనెక్షన్ పుస్తకం చూడదు. కలిపే లెక్కేశాను. నాలుగు నీలంవి 76, పైన రెండు ఎర్రవి 28.4, మొత్తం 104.4. ఇంకా నాలుగు కిలోలు ఎక్కువ. కోడలే తేల్చింది: "రెండో సిలిండర్ తిరిగి ఇచ్చేస్తాం, బుక్ చేస్తే రెండో రోజుకి వస్తోందిగా." దాంతో 90.2.

గది ఎందుకు పనికిరాలేదంటే

మొదట ఆ గదినే బాగుచేద్దామనుకున్నాను, పెద్దాయన దానికి బాగా ఖర్చు పెట్టాడు. కానీ గోడల మధ్య, పైన స్లాబు ఉంటే అది ఇంటి లోపలే లెక్క. సిలిండర్లు ఎలా పెట్టాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 6044 ఇంటి లోపల బిగించే సెట్‌కి 40 కిలోల దగ్గర గీత గీస్తుంది, అంటే రెండు నీలం సిలిండర్లు. దానితో ఆ వంట సాగదు. పైగా అది మెట్ల కింద, పైవాళ్ళు బయటపడే దారి అదొక్కటే. పెట్టిన ఖర్చు సంగతి వదిలేయండి అని చెప్పి, ఆ గదిని బియ్యం బస్తాలకి ఇచ్చేశాం. ఆయన ముఖం రెండు రోజులు బాగోలేదు.

బయట పెట్టాలంటే మళ్ళీ వరద మాట వచ్చింది. "మళ్ళీ కొట్టుకుపోతాయి కదండీ!" ఆయనకి రాత్రిళ్ళు నిజంగా టెన్షన్ ఉండేది. వరద మట్టానికి పైన, ఐదడుగుల అరుగు కట్టిద్దామన్నాడు. నిండు సిలిండర్ని రోజూ ఐదడుగులు ఎత్తే కుర్రాడు ఏదో ఒక రోజు వదిలేస్తాడు. అందుకని ఎత్తు పెంచలేదు, సిలిండర్లనే కట్టేశాం. తొమ్మిదంగుళాల అరుగు, వెనక గోడకి యాంగిల్ బద్దీలు, ఒక్కో సిలిండర్‌కి నడుం దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి, రెండు గొలుసులు. తేలాలనుకున్నా నిలువుగానే ఉంటుంది. నీళ్ళు వస్తున్నాయని తెలిస్తే చేయాల్సింది కోడలు తన చేతిరాతతో రాసి వంటగది తలుపుకి అంటించింది: అడాప్టర్లు తీసేయాలి, తెల్ల క్యాప్‌లు పెట్టి నొక్కాలి, గొలుసులు చూడాలి, పైకి వెళ్ళిపోవాలి.

చోటు కూడా గొడవే. తూర్పు వైపు వీలుగా ఉంది కానీ అక్కడ తులసికోట, దాని పక్కనే మ్యాన్‌హోల్. మ్యాన్‌హోల్‌లోకి గ్యాస్ దిగితే వీధి చివర తేలుతుంది. తులసిని జరుపుదామని కొడుకు అన్నాడు, మామ్మగారు అతని వంక చూసిన చూపుకి ఆ మాట మళ్ళీ రాలేదు. పడమటి వైపు ఖాళీలో, కిటికీలకీ గుంటలకీ దూరంగా, నాలుగు వైపులా జాలీ పెట్టి కట్టాం. పైన మాత్రం రేకు, బెజవాడ మే నెల పడమటెండ సిలిండర్ల మీద పడకుండా. వంటగది బయట ఒక మెయిన్ వాల్వ్, పసుపు రంగు పైపు. డిటెక్టర్ని నేల నుంచి అడుగు ఎత్తుకి దించి వంటగదిలో పెట్టాం. మంటలార్పే డబ్బా జాలీ దగ్గర కాదు, వంటగది తలుపు దగ్గర. మంట జాలీలో ఉంటే డబ్బా కోసం దానిలోకే వెళ్ళాలి మరి. ఇంకోటి కుర్రాళ్ళకి రెండుసార్లు చెప్పాను: వాల్వ్ కట్టే దారి లేనప్పుడు గ్యాస్ మంటని ఆర్పొద్దు. మండుతున్న మంట కన్నా ఆరాక పారే గ్యాస్ ప్రమాదం.

రాత్రి గ్యాస్ కట్టడం

అన్నిటికన్నా కష్టమైంది ఇది. రాత్రి సిలిండర్ దగ్గర ముందు కట్టి, లైనులో మిగిలిన గ్యాస్ పొయ్యిలో మండిపోయాక నాబ్ కట్టాలి. అప్పుడు రాత్రంతా లైను ఖాళీ, వాషర్ ఎలాంటిదైనా పోవడానికి ఏమీ ఉండదు. చెప్పడం తేలిక. పదిన్నరకి పన్నెండు గంటలు నిలబడిన కుర్రాడు చేయాలి కదా. మొదటి వారం రిజిస్టర్ పెట్టాం, టిక్కులన్నీ పడ్డాయి. ఒకరోజు పొద్దున వెళ్ళి చూస్తే టిక్కు ఉంది, అడాప్టర్లు ఆన్‌లో ఉన్నాయి.

రిజిస్టర్ తీసేశాం. షట్టర్ దించాక ఆ రోజు కలెక్షన్ మర్నాటి కూరగాయల కోసం మార్కెట్ దగ్గర ఇచ్చి రావడం కొడుకు పని, దానికి స్కూటర్ కావాలి. స్కూటర్ తాళం పగలంతా జాలీ లోపల, అడాప్టర్ల వెనక మేకుకి తగిలించమన్నాను. తాళం కోసం వెళ్ళినవాడికి అడాప్టర్లు కళ్ళముందే ఉంటాయి. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు.

పెద్ద ఆర్డర్ల సంగతి ఇంకా మిగిలింది. నాలుగు సిలిండర్లతో నాలుగొందల మంది భోజనాలు ఎలా అని. వనభోజనం తోటలో అయితే సిలిండర్లు ఇంటికి ఎందుకు, ఏజెన్సీ బండి నేరుగా తోటకే వెళ్ళేట్టు మాట్లాడాం, ఖాళీవి కూడా అక్కడి నుంచే వెనక్కి. దించేటప్పుడు క్యాప్ తీసి వాల్వ్ నోట్లో నాలుగు చుక్కలు నీళ్ళు పోసి బుడగ చూడటం కొడుక్కి నేర్పాను. మొదటి నెలలో రెండు సిలిండర్లు అలాగే తిప్పి పంపాడు.

మొన్న ఉగాదికి ముందు అటు పని పడి ఆగాను. జాలీలో ఐదు సిలిండర్లున్నాయి. ఐదోది గొలుసు లేకుండా మూలకి ఆనించి ఉంది. పెద్దాయన నా కంటే ముందే మాట అందుకున్నాడు, బావమరిది ఇంట్లో పెళ్ళి అని, రేపు పొద్దున్నే వెళ్ళిపోతుందని. లోపలికి వెళ్ళలేదు. గేటు దగ్గరే టీ తాగుతూ నిలబడ్డాను. కొడుకు ఏజెన్సీకి ఫోన్ చేశాడు. బండి వచ్చి దాన్ని ఎక్కించుకునేసరికి రెండో టీ కూడా అయిపోయింది.